ఆటోనగర్ కార్ డెకార్స్ వాళ్లకు: ముందు అద్దం కొలవండి, తర్వాతే ఫిల్మ్ వేయండి

విజయవాడ, గుంటూరుల్లో కారు అద్దాలకు ఫిల్మ్ అమ్మే దుకాణాల యజమానులకు, దాన్ని అంటించే మేస్త్రీలకు,

నమస్కారం. మార్చి దాటిందంటే మీ దుకాణాల ముందు కార్లు వరస కడతాయి. దిగిన ప్రతి మనిషీ ఒకటే అడుగుతాడు: "పోలీసులతో ఇబ్బంది ఉండదు కదా?" మీలో చాలామంది చెప్పేదీ ఒకటే: "ఏం ఉండదు సార్, ఇది ఆర్టీవో అప్రూవ్డ్." ఈ ఉత్తరం ఆ జవాబు గురించే.

ఆర్టీవో ఆఫీసు ఏ ఫిల్మ్‌కీ ఆమోద ముద్ర వేయదు. రోల్ డబ్బా మీద ఆ మాట అచ్చు వేసి ఉన్నా అది అమ్ముకునేవాడి మాటే. చట్టం చూసేది ఫిల్మ్‌ను కాదు, అద్దాన్ని. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో నియమం 100 ప్రకారం ముందు అద్దం, వెనక అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలి. పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం రావాలి. మనం వీఎల్‌టీ అని పిలుచుకునేది ఈ అంకెనే. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అలా ఉంటే చాలదు, కారు రోడ్డు మీద తిరిగినన్నాళ్లూ అలాగే ఉండాలని కూడా ఆ నియమమే చెబుతోంది.

ఆ తర్వాత జరిగింది మీలో పాతవాళ్లందరికీ గుర్తే. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయంకా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎంత శాతం ఫిల్మ్ అయినా సరే, అద్దం మీద అంటించడమే కుదరదంది. ఆ ఏడాది మే 4 నుంచి అది అమల్లోకి వచ్చింది. చలానా రాయడంతో సరిపెట్టకుండా ఫిల్మ్‌ను అక్కడికక్కడే పీకించమని ఆగస్టులో ఇంకోసారి చెప్పింది. కంపెనీ తయారీలోనే రంగు కలిపిన అద్దం 70, 50 లెక్కకు తగ్గకపోతే దానికి అడ్డు లేదు. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్లకు తప్ప మినహాయింపు లేదు. డాష్‌బోర్డు మీద కండువా పరిచినా, అద్దానికి 'ప్రెస్' అని స్టిక్కర్ వేసినా జెడ్ ప్లస్ రాదు.

2020లో నియమం 100ను సవరించారు, 2021 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. 'సేఫ్టీ గ్లాస్' పక్కన 'సేఫ్టీ గ్లేజింగ్' అనే మాట వచ్చి చేరింది. లోపలి ముఖాన ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా అందులోకి వస్తుంది. అది ఐఎస్ 2553 రెండో భాగం ప్రమాణానికి సరిపోవాలి. 70, 50 అంకెలు మాత్రం మారలేదు. ఆ పొరను కంపెనీయే వేయాలా, కొన్నాక యజమాని వేయించుకున్నా చెల్లుతుందా అన్న ప్రశ్న కేరళ హైకోర్టు దాకా వెళ్లింది. ప్రమాణానికి, అంకెలకు లోబడి ఉంటే యజమాని వేయించుకున్నా జరిమానా వేయకూడదని ఆ కోర్టు 2024 సెప్టెంబరులో చెప్పింది.

మీ గోడ మీద అంటించుకున్న వార్త కట్టింగ్ ఆ తీర్పుదే. దాన్ని చూపించి "ఇప్పుడు అన్నీ వేసుకోవచ్చు సార్" అనడం రెండు చోట్ల తప్పు. ఒకటి, ఆ తీర్పు అద్దాన్ని 70, 50 కంటే కిందికి దించని ఫిల్మ్ గురించే తప్ప 'ఫుల్ బ్లాక్' గురించి కాదు. రెండు, అది కేరళ హైకోర్టు తీర్పు. బెంజిసర్కిల్లో నిలబడ్డ ఎస్సైగారు దానికి నేరుగా కట్టుబడి లేరు, 2012 తీర్పు ప్రకారం నడుచుకుంటానంటే మీ కస్టమరు రోడ్డు మీద వాదించి గెలిచేది లేదు. కాబట్టి నిజం మొత్తం చెప్పండి: "ఏ ఫిల్మూ లేకపోతే ఏ గొడవా లేదు. వేయించుకుంటానంటే పక్క అద్దాలకు మాత్రమే, 50 పైన ఉండేలా, కొలిచి వేస్తాను. అప్పుడు మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది. అయినా ఆపితే ఆపొచ్చు." ఇలా చెబితే పదిమందిలో నలుగురు వెనక్కి పోతారేమో, పోనివ్వండి. చలానా పడ్డాక మీ దుకాణం ముందు నిలబడి అరిచేది కూడా ఆ నలుగురే.

ఇక అసలు గొడవంతా లెక్కలో ఉంది.

'70 ఫిల్మ్' వేస్తే అద్దం 70 కాదు. అద్దమే కొంత వెలుతురు మింగుతుంది. ఇప్పటి కార్ల పక్క అద్దాలు లేత ఆకుపచ్చగా ఉంటాయి. గాజులో ఇనుము పాలు ఉండటం వల్ల వచ్చే రంగు అది, వేడిని కాస్త ఆపడం కోసమే అలా చేస్తారు. అలాంటి అద్దాన్ని ఫిల్మ్ లేకుండా కొలిస్తే 76 వచ్చిందనుకోండి. దాని మీద 70 ఫిల్మ్ వేస్తే 76లో 70 శాతం, అంటే 53. పాసే. అదే అద్దం మీద 'మీడియం' పేరుతో అమ్మే 50 ఫిల్మ్ వేస్తే 38కి పడిపోతుంది. "చట్టంలో 50 అని ఉంది, మేం వేసిందీ 50 ఫిల్మే కదా" అని కస్టమరుతో పాటు మేస్త్రీ కూడా నిజాయితీగానే నమ్ముతాడు. ఇద్దరూ నిజాయితీపరులే, అద్దం మాత్రం ఫెయిల్. పాత ఫిల్మ్ పీకే ఓపిక లేక దాని మీదే కొత్తది వేసేవాళ్లుంటారు. 70 మీద ఇంకో 70 వేస్తే అదే అద్దం 37 దగ్గర ఆగుతుంది.

దీంట్లో ఇంకో మెలిక ఉంది, హోల్‌సేల్‌వాళ్లు మీకు చెప్పరు. రోల్ కాగితం మీద రాసిన వీఎల్‌టీ ఫిల్మ్ ఒక్కదానిదా, లేక మూడు మిల్లీమీటర్ల తెల్ల అద్దం మీద అంటించి కొలిచిందా? చాలా కంపెనీలు రెండో పద్ధతిలో రాస్తాయి. మామూలు తెల్ల అద్దం కూడా వెలుతురును పూర్తిగా వదలదు. రెండు ముఖాల దగ్గర కలిపి ఎనిమిది శాతం దాకా వెనక్కి తిప్పేస్తుంది, అందుకే సుమారు 90 దగ్గర ఉంటుంది. డబ్బా మీద 60 అని ఉన్న ఫిల్మ్‌నే తీసుకోండి. ఆ 60 ఫిల్మ్ ఒక్కదానిదే అయితే మన 76 అద్దం మీద 45.6 వస్తుంది, ఫెయిల్. తెల్ల అద్దంతో కలిపి కొలిచిన 60 అయితే ఫిల్మ్ సొంత అంకె 66 పైచిలుకు. అదే అద్దం మీద 50.7 వస్తుంది, అంచు మీద పాస్. ఒకే డబ్బా, ఒకే అంకె, ఒకే అద్దం. చదివిన పద్ధతిని బట్టి ఫలితం తిరగబడుతోంది. ఈ ముడి విప్పేది మీటరొక్కటే. కాగితం మీద లెక్క ఏ రోల్ తెప్పించాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

ముందు అద్దం సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది: వేయకండి. అది 78 ఉందనుకుంటే 70కి తగ్గకుండా ఉండాలంటే ఫిల్మ్ సొంతంగా 90 శాతం వెలుతురు వదలాలి. 'క్లియర్ సెరామిక్ 80' అని అమ్మేది వేస్తే 62 వస్తుంది. తెల్ల అద్దం లెక్కన 80 అయినా 69.3 దగ్గర ఆగుతుంది, వెంట్రుకవాసిలో ఫెయిల్. పైగా ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. అతినీల కిరణాలను దాదాపు మొత్తంగా ఆ పొరే ఆపేస్తుంది, మీరు కొత్తగా ఆపేది పెద్దగా ఏమీ ఉండదు. కొత్త మోడళ్లలో అద్దం వెనక కెమెరా, వాన సెన్సర్ ఉంటాయి, వాటి ముందు ఇంకో పొర పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. ఇక లోహపు పొర ఉన్న ఫిల్మ్ వేశారంటే ఫాస్టాగ్ సరిగా చదవదు. కాజ టోల్ దగ్గర కారు ముందుకూ వెనక్కూ జరుగుతుంటే వెనక హారన్లు మోగుతాయి, లోపలున్నవాడు ట్యాగ్ ఇచ్చిన బ్యాంకును తిడుతుంటాడు. తిట్లు పడాల్సింది ఎవరికో మీకు తెలుసు.

వెనక అద్దం దగ్గరే మీ అందరి చెయ్యీ జారుతోంది. పక్క అద్దాలకు లేతది వేసి, "వెనక ఎవరు చూస్తారు సార్" అంటూ ఉన్నవాటిలో నల్లటిది వెనక వేస్తున్నారు. చట్టం మాత్రం వెనక అద్దాన్ని ముందు అద్దంతో కలిపి 70లో పెట్టింది. అంటే పక్క అద్దాల కంటే అదే తేటగా ఉండాలి. కారణం తెలియాలంటే జనవరి రాత్రి గుంటూరు నుంచి విజయవాడకు ఒకసారి రండి. కృష్ణ వైపు నుంచి మంచు కమ్ముకుంటుంది. మిర్చి టిక్కీలు వేసుకున్న ట్రాక్టరుకు వెనక లైటుండదు. కారు రివర్సు తీసేవాడికి నల్ల అద్దం లోంచి కనిపించేది తన కారు రివర్సు లైటు వెలుగొక్కటే. పక్క అద్దం నల్లబడితే దాని అవతలున్న సైడ్ మిర్రరూ అంతే.

మీటరు గురించి కాస్త వివరంగా రాస్తాం, ఎందుకంటే దుకాణంలో మీటరున్నా తప్పుగా కొలిచేవాళ్లు ఎక్కువ. రెండు రకాలు వస్తాయి. గాడి ఉన్న ఒకే ముక్క మీటరు పక్క అద్దం సగం దించి అంచుకు తొడిగి కొలవడానికి. ముందు, వెనక అద్దాలు కదలవు కాబట్టి వాటికి పనికిరాదు. రెండో రకం రెండు ముక్కలుగా ఉంటుంది, అద్దానికి అటొకటి ఇటొకటి అయస్కాంతంతో పట్టుకుంటాయి. కొనేటప్పుడు ఈ రెండోదే కొనండి. మొదట గాలిలో పెట్టి చూస్తే 100 చూపించాలి. దాంతో పాటు ఇచ్చే నమూనా గాజు పలక పెట్టి, దాని మీద రాసిన అంకె వస్తోందో లేదో చూడాలి. బ్యాటరీ తగ్గితే మొదట తప్పేది ఈ అంకే. అద్దాన్ని రెండు వైపులా తుడవండి. ఆటోనగర్ దుమ్ము ఒక్కటే రెండు మూడు పాయింట్లు తినేయగలదు. ప్రతి అద్దం మీద మూడు చోట్ల కొలిచి, తక్కువ వచ్చిన అంకె రాసుకోండి. వెనక అద్దానికి పట్టిన మంచు వదిలించే డీఫాగర్ గీతల మీద, అంచుల్లోని నల్ల చుక్కల మీద, ముందు అద్దం పైన కంపెనీ వేసిన ముదురు పట్టీ మీద పెట్టి కొలవకండి.

మంచి మీటర్లకైనా రెండు పాయింట్ల అటూ ఇటూ తప్పదు. మీ మీటరు 50.5 చూపిస్తే అధికారి మీటరు 48.5 చూపించవచ్చు. అందుకే పక్క అద్దాలకు 54 తగ్గకుండా చూసుకోండి. ఫిల్మ్ లేని అద్దమే 70 ఉందనుకోండి, 54 రావాలంటే 77 ఫిల్మ్ కావాలి, 70 ఫిల్మ్ వేస్తే 49కే ఆగుతుంది. మొదటి కొలత తీసుకోకుండా రోల్ విప్పకండి అని మేం మొత్తుకునేది ఇందుకే. ఒక్క మోడల్లోనే ముందు తలుపు అద్దానికీ వెనక తలుపు అద్దానికీ తేడా ఉండొచ్చు. తలుపు తలుపుకీ కొలవాలి. ఒకసారి అద్దం మూలన ఉండే చిన్న ముద్ర కూడా చూడండి. 43ఆర్ అనే గుర్తుతో పాటు రోమన్ అయిదు ఉంటే ఆ అద్దం తయారీలోనే 70 కంటే తక్కువ వెలుతురు వదిలేదని అర్థం. దాని మీద ఏ ఫిల్మూ వేయకపోవడమే మేలు.

"మరి ఎండ సంగతేంటి? రోహిణి కార్తెలో తెల్ల ఫిల్మ్ వేసి ఏం లాభం?" అంటారు. ఎండలో కంటికి కనిపించే వెలుతురు వాటా సగం కంటే తక్కువ. సగానికి కాస్త పైన పరారుణ కిరణాలే, అవి కంటికి కనిపించవు. మిగిలిన నాలుగైదు శాతం అతినీలం. నల్లరంగు కలిపిన చౌక ఫిల్మ్ వెలుతురును తగ్గిస్తుంది, పరారుణాన్ని చాలావరకు వదిలేస్తుంది. ఆపిన కొంచెమూ తానే పీల్చుకుని కాగుతుంది. మధ్యాహ్నం రెండింటికి అలాంటి అద్దానికి మోచెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది, అద్దమే పొయ్యి మీద పెట్టిన రేకులా సెగ కొడుతుంది. మంచి సెరామిక్ ఫిల్మ్ తేటగా ఉండి కూడా పరారుణాన్ని ఆపుతుంది. చర్మం నల్లబడుతుందని వచ్చేవాళ్లకైతే నలుపుతో పనే లేదు. నాణ్యమైన తెల్ల ఫిల్మ్ కూడా అతినీలాన్ని 99 శాతం ఆపుతుంది.

ఇక్కడ మీ బల్బు ఆట ఒకటుంది. ఎర్ర హీట్ ల్యాంప్ వెలిగించి, ఫిల్మ్ ముక్క అడ్డం పెట్టి, కస్టమరు చెయ్యి వెనక పెట్టిస్తారు. చల్లగా ఉందంటాడు, జేబు తీస్తాడు. ఆ ల్యాంపు నుంచి వచ్చేది దాదాపు అంతా పరారుణమే. ఎండలో పరారుణం సగమే. కాబట్టి ల్యాంపు ముందు 90 శాతం వేడి ఆపినట్టనిపించే ఫిల్మ్ ఎండలో అందులో సగం ఆపితే గొప్ప. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 'ఐఆర్ 95 శాతం' కూడా ఈ బాపతే, ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచి రాసింది కూడా అయి ఉండొచ్చు. చూడాల్సింది టీఎస్ఈఆర్, అంటే మొత్తం ఎండలో ఎంత వెనక్కి పోయిందన్న అంకె. చిన్న అక్షరాల్లో ఉంటుంది. తేట ఫిల్మ్‌కు అది 40, 50 మధ్య ఉంటే మంచి సరుకే. అంతకంటే చాలా ఎక్కువ చెప్పేవాడిని కాగితం అడగండి.

నాలుగు గంటలు ఎండలో నిలబడ్డ కారును ఏ ఫిల్మూ చల్లగా ఉంచదు. ఆలస్యంగా కాగుతుంది, అంతే. దానికి ముందు అద్దం లోపల పెట్టే మడత సన్‌షేడ్ చాలు, వెండి వైపు బయటికి పెట్టి, బండి కదిలే ముందు తీసేయాలి. అదీ మీరే అమ్ముతారు, చట్టంతో పేచీ లేదు. పక్క అద్దాలకు తగిలించే జాలీలు, కర్టెన్ల సంగతి వేరు. బండి నడుస్తుండగా అవి ఉంటే వెలుతురు 50కి చాలా కింద పడుతుంది. "ఫిల్మ్ కాదు కదా" అన్న మాట అక్కడ నిలవదు.

పని గురించి మేస్త్రీలకు కొత్తగా చెప్పేది తక్కువ. అయినా తిరిగొచ్చే కార్లలో కనిపించే తప్పులు అవే కాబట్టి రాయక తప్పడం లేదు. తలుపు లోపలి వైపు మందపాటి తువ్వాలు కప్పకుండా సబ్బునీళ్లు కొడతారు, నీళ్లు పవర్ విండో స్విచ్చిలోకి దిగుతాయి, వారానికి అద్దం ఎక్కదు. అద్దం మీదే బ్లేడుతో ఫిల్మ్ కోస్తే గీత పడుతుంది, ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు అది జీవితాంతం కనిపిస్తుంది. కింది రబ్బరు బీడింగ్ తీయకుండా అంచు దాకా నొక్కలేరు, మొదట లేచేది ఆ అంచే. వేసిన తర్వాత ఎండాకాలమైతే మూడు నాలుగు రోజులు, వానాకాలమైతే వారం పైన అద్దం దించొద్దని స్విచ్చి మీద టేపు వేసి పంపండి. లోపల కనిపించే నీటి పొక్కులు కొన్ని వారాల్లో వాటంతటవే ఆరతాయి, సూదితో పొడవొద్దని చెప్పండి. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనరు కొట్టొద్దని కూడా. రెండేళ్లకే ఊదారంగుకు తిరిగిందంటే రంగు చచ్చిందని, బుడగలు లేచిందంటే బంక చచ్చిందని గుర్తు. రెండూ చౌక సరుకు లక్షణాలే, ఎండ మీద నెట్టకండి.

పీకే పని ఇంకా జాగ్రత్తగా చేయాలి. ఇప్పటికే నల్ల ఫిల్మ్‌తో తిరుగుతున్న కార్లు మీ దగ్గరికే రావాలి. రోడ్డు పక్కన గోరుతో మూల లేపి బర్రున లాగితే వెనక అద్దం డీఫాగర్ గీతలు బంకతో పాటు వచ్చేస్తాయి. గీత తెగితే అక్కడ మంచు వదలదు, కొన్ని మోడళ్లలో రేడియో యాంటెన్నా కూడా ఆ గీతల్లోనే ఉంటుంది. ఆవిరి యంత్రంతో గాని, హీట్ గన్‌తో గాని బంక మెత్తబడేదాకా వేడి చేయండి. గీతలు ఎటు పోతున్నాయో అటే, అడ్డంగా, నెమ్మదిగా లాగండి. మిగిలిన బంకను సబ్బునీళ్లు, మెత్తని ప్లాస్టిక్ పలకతో తీయండి. ఇనుప బ్లేడు వెనక అద్దం దగ్గరకే రానివ్వకండి. నల్ల కవరు కప్పి లోపల అమ్మోనియా కొట్టే పాత పద్ధతి మానేయండి. ఎండలో మూసిన కారులో ఆ ఘాటు పీల్చేది మీ కుర్రాళ్లే.

మేం మిమ్మల్ని అడిగేది రెండు పనులు. రెండు ముక్కల మీటరు ఒకటి కొని, గల్లాపెట్టె పక్కన కస్టమరుకు కనిపించేలా పెట్టండి. బిల్లు మీద మొత్తం డబ్బుతో పాటు నాలుగు తలుపులకూ ఈ వరసలో రాసివ్వండి: ఏ తలుపు, ఫిల్మ్ లేనప్పుడు అంకె, ఫిల్మ్ పేరు, రోల్ నంబరు, వేసిన తర్వాత అంకె, తేదీ, కొలిచినవాడి సంతకం. ఐఎస్ 2553కు సరిపోతుందని కంపెనీ ఇచ్చిన పరీక్ష కాగితం నకలు ఉంటే దానికి పిన్ను కొట్టండి, లేకపోతే లేదని రాయండి. వాడుకలో బంక ఆరి, దుమ్ము పేరుకుని అంకె కాస్త మారుతుంది కాబట్టి నెల తర్వాత ఉచితంగా ఇంకోసారి కొలిచి అదే బిల్లు వెనక రాసివ్వండి. 50 కిందికి వచ్చిన తలుపుకు ఫిల్మ్ పీకి డబ్బు వాపసు ఇస్తామని కూడా ఆ బిల్లు మీదే అచ్చు వేయించండి.

ఇట్లు,
వాహన అద్దాల పని తెలిసిన కొందరం,
విజయవాడ – గుంటూరు